రేడియోలో దిద్దిన అక్షరాలు

మా రేడియో స్టేషన్ తమిళనాడులో, కే.వి.కుప్పం దాటాక గుడియాత్తం పోయే రోడ్డు పక్కన, ఒక కాలేజీ ఆవరణలో చివరగా ఉంది. రెండే గదులు. ఒకదానిలో మైకులు, రెండోదానిలో కంప్యూటరు, ఒక బీరువా, నాలుగు కుర్చీలు. వెనక ఇనుప టవరు. ఆ టవరు మాట ఎంత దూరం పోతుందో మాకు బస్సు స్టాపుల లెక్కన తెలుసు. గుడియాత్తంలో పక్కింట్లో మాట్లాడినట్టు వినిపిస్తుంది. కాట్పాడి చేరేసరికి గరగర మొదలవుతుంది. వేలూరు బస్టాండులో అసలు వినిపించదు, అక్కడ సినిమా పాటల స్టేషన్లు మమ్మల్ని మింగేస్తాయి. మేల్పాడిలో మేడ మీదికి ఎక్కితే వినవచ్చని ఒక రైతు చెప్పాడు. ఆయన మా కోసం మేడ ఎక్కేవాడో, ఎండబెట్టిన వేరుశనక్కాయల కోసం ఎక్కేవాడో నేను అడగలేదు.

నేను అక్కడ చేరింది అనుకోకుండా. మాది మగ్గం నేసే ఇల్లు. మామ కైలీలు, అంటే లుంగీలు, నేసేవాడు, నా భర్త కూడా అంతే, నేను రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేదాన్ని. ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదివింది పన్నెండో తరగతి వరకు తమిళంలో. స్టేషన్ కొత్తగా పెట్టిన రోజుల్లో కాలేజీ ఆడపిల్లలు ఇద్దరు రికార్డర్ పట్టుకుని మా వీధికి వచ్చారు. మగ్గం గురించి ఎవరైనా చెప్పండని అడిగితే అందరూ నన్ను ముందుకు తోశారు. చెప్పాను. వారం తరువాత స్టేషన్ బాధ్యత చూసే మేడమ్ నుంచి పిలుపు వచ్చింది. ఆమె తమిళావిడ, అంతకుముందు బడిలో పాఠాలు చెప్పి మానేసిన మనిషి. "నువ్వు మాట్లాడుతుంటే కండె తిరిగే చప్పుడు వినిపించింది. మాటకు ఒక నడక ఉంది. రోజూ రాగలవా?" అని అడిగింది. నా చిన్న కూతురు అప్పుడు ఒకటో తరగతి. దాన్ని బడిలో దింపి బస్సెక్కి పోయేదాన్ని.

మొదట్లో మా ప్రసారాలు వినేవాళ్ళు పెద్దగా లేరు. పొద్దున వేరుశనగ తెగుళ్ళ మీద ఎవరో రాసిచ్చిన వ్యాసం, మధ్యాహ్నం ఆడవాళ్ళ ఆరోగ్యం, సాయంత్రం కాలేజీ పిల్లలు చదివే వ్యాసాలు. అన్నీ మంచి విషయాలే. కానీ మా మామ మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని, నెత్తిమీద వేలాడే రేడియో వింటూ ఒకరోజు అన్నాడు.

"వీళ్ళు మాట్లాడేది మనతో కాదమ్మా. గోడతో మాట్లాడతాండారు."

ఆ మాట మేడమ్‌కి చెప్పాను. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. ఒక కాగితం మీద రాసుకుంది. ఆ తరువాత మేం గదిలో కూర్చోవడం తగ్గించి వీధుల్లోకి పోవడం పెంచాము. కొబ్బరి తోటలో, రంగు అద్దే పాకలో, కే.వి.కుప్పం సంతలో కూరగాయల గంపల మధ్య రికార్డు చేసేవాళ్ళం. అట్లా తిరుగుతున్నప్పుడు మేడమ్ ఒక సంగతి గమనించింది. గుడియాత్తం నేతవాళ్ళు మైకు పెట్టగానే తమిళంలో మాట్లాడేవాళ్ళు. మైకు తీసేయగానే తెలుగులోకి దిగేవాళ్ళు. తీసేశాక చెప్పిందే ఎప్పుడూ బాగుండేది.

"మైకు తీసేశాక మీరు మాట్లాడేదానికి కూడా ఒక అరగంట ఇద్దాం" అంది ఆమె. అట్లా బుధవారం సాయంత్రం తెలుగు అరగంట పుట్టింది.

అరగంట పుట్టింది కానీ అందులో ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. ఇంట్లో మాట్లాడే తెలుగు రేడియోకి పనికిరాదని నా భయం. చిత్తూరు వైపు ఒక కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పే ఒకాయన మేడమ్‌కి తెలుసు. ఆయన కార్యక్రమం రాసి, ఫోనులో నిదానంగా చదివి వినిపించేవాడు. నేను రాసుకునేదాన్ని. నాకు తెలుగు లిపి రాదు. మా వీధిలో ఎవరికీ రాదు. పుట్టినప్పటి నుంచి మాట్లాడే భాషకు అక్షరాలు ఎట్లుంటాయో మేం బస్సు బోర్డుల మీద చూసి వదిలేసినవాళ్ళం. అందుకని ఆయన చెప్పిన తెలుగును తమిళ అక్షరాల్లో రాసుకునేదాన్ని.

తమిళంలో పకు, బకు ఒకటే అక్షరం. తకు, దకు ఒకటే. ఏది ఎక్కడ పలకాలో భాష తెలిసినవాళ్ళకు తెలుస్తుంది. తెలియని మాట వచ్చిందంటే మాత్రం నోరు తన దారిన తాను పోతుంది. రెండో బుధవారం పూల తోటల గురించి ఆయన రాసిచ్చాడు. అందులో బంతి పూలు అని ఉంది. మా ఇంట్లో చామంతినీ దాన్నీ కలిపి సామంది అనే అంటాం, బంతి అన్న మాట మా నోట్లో లేదు. తమిళ అక్షరాల్లో బంతి రాసినా, పంది రాసినా ఒకే రకంగా ఉంటుంది. నాలుగు రోజుల తరువాత మైకు ముందు కూర్చుని, గొంతు సవరించుకుని, మేల్పాడి వైపు రైతులు ఈ ఏడాది పంది పూలు బాగా పండించారని చదివాను. పంది పూల దండకు గిరాకీ ఉందన్నాను. గుమ్మానికి పంది పూలు కడితే ఇంటికి కళ వస్తుందని కూడా అన్నాను.

కార్యక్రమం అయిపోగానే ఫోను మోగింది. పెద్దావిడ గొంతు. లావుగా, తొందర లేకుండా ఉంది.

"రేడియోనా?"

"ఆమా, రేడియోనే. చెప్పండమ్మా."

"ఇంతసేపూ మాట్లాడింది నువ్వేనా?"

"నేనేనమ్మా."

"పందికి పూలు యాడ పూస్తాయమ్మా?"

నాకు అర్థం కాలేదు. ఆమె విడమరిచి చెప్పింది. బంతి అంటే సామంది అని, నేను అన్నదేమో మా ఇంట్లో పన్ని అని పిలిచే, బురదలో పొర్లే జంతువని. చెవులు కాలిపోయాయి. అవతల ఆమె మాత్రం నవ్వడం లేదు.

"ఏ అచ్చరాల్లో రాసుకొని చదివినావు?"

"అరవంలో."

"అదే చెప్తాండా. అరవ అచ్చరాల్లో మన మాట పట్టదు. గుడియాత్తం బజారులో నా అంగడి ఉండాది. రంగుల అంగడి అంటే ఎవురైనా చూపిస్తారు. రేపు రా."

పోయాను. మగ్గాలవాళ్ళకు నూలుకు అద్దే రంగులు అమ్మే అంగడి అది. మా మామ ఎన్నోసార్లు అక్కడ కొన్నాడు కానీ ఆడవాళ్ళం ఎప్పుడూ పోలేదు. డెబ్బైకి దగ్గరగా ఉన్న మనిషి, గల్లా పెట్టె పక్కన ఎత్తు పీట మీద కూర్చుని ఉంది. చిత్తూరు అవతల పుట్టి, అక్కడ ఎనిమిదో తరగతి వరకు తెలుగులో చదివి, పెళ్ళయి ఈ ఊరికి వచ్చిందట. మెట్టినింటి వ్యాపారం ఆమె చేతికి వచ్చి చాలా ఏళ్ళయింది. వెనక గోడ పొడవునా రంగు డబ్బాలు, వాటి మీద ఆమె చేతిరాతతో తెలుగు చీటీలు. ఆ రాత అంగడిలో పనిచేసే ఇద్దరికీ రాదు. ఏ డబ్బాలో ఏముందో తెలియాలంటే ఆమెనే అడగాలి.

"ఇట్ల రాసి పెట్టుకుంటే నేను లేకుండా అంగడి నడవదు కదా" అంది. అది తమాషాకు అన్నదో, నిజానికి అన్నదో తేల్చుకోలేకపోయాను.

నేను ఆమెను పెద్దమ్మా అని పిలవడం మొదలుపెట్టాను. వారానికి మూడు రోజులు, బస్సు దిగి ఇంటికి పోయే దారిలో ఒక గంట ఆమె దగ్గర కూర్చునేదాన్ని. రంగు పొట్లాలు కట్టే గోధుమరంగు కాగితం మీద రాయించేది. చేయి పట్టుకుని దిద్దించేది కాదు. తప్పు రాస్తే కాగితం తిప్పి, "ఇంకొక తూరి" అనేది. అంతే. ముప్పై ఏళ్ళు దాటాక అక్షరాలు నేర్చుకోవడంలో ఒక వింత ఉంది. మాటలన్నీ ముందే తెలుసు. అవి ఒక్కొక్కటీ కాగితం మీద కనపడుతుంటే, ఎన్నాళ్ళుగానో గొంతు మాత్రమే విన్న మనిషి ఎదురుగా వచ్చి నిలబడినట్టు ఉంటుంది. అమ్మ అన్న మాట రాసిన రోజు కాసేపు దాన్ని చూస్తూ ఉండిపోయాను. పెద్దమ్మ ఎవరికో రంగు తూచి ఇచ్చి వచ్చి, "వత్తు వంకరగా ఉండాది" అంది.

మూడు నెలలకు నేను సొంతంగా రాసుకుని చదవడం మొదలైంది. అప్పుడు పెద్దమ్మ ఇంకొక మాట చెప్పింది.

"ఆ చిత్తూరాయన రాసిచ్చేది మంచి తెలుగే. కానీ అది ఆయనది. మీ మామ ఇంట్లో ఎట్ల మాట్లాడతాడో అట్ల మాట్లాడు."

"నగుతారు పెద్దమ్మా."

"నగితే నగనీ. నగేదానికైనా వినల్ల కదా."

ఆ బుధవారం నేను యాడ, ఉండాది, వచ్చినాడు అనే మాట్లాడాను. పడుగు పోసేటప్పుడు ఎండ ఎక్కువైతే నూలుకు పెట్టిన గంజి ఎట్లా పెళుసెక్కుతుందో, ఆ ఏడాది మా వీధిలో ఎవరెవరికి ఏం కష్టం వచ్చిందో చెప్పాను. ఇంటికి వచ్చాక మా ఆయన చెప్పాడు, కార్యక్రమం వస్తున్నంతసేపూ మామ మగ్గం ఆపేశాడని. నాకు భయం వేసి మామ దగ్గరికి పోయాను.

"ఏం మామా, మగ్గం నిలిపేసినారంటనే?"

"చప్పుడుకి వినబళ్ళేదని నిలిపినా" అన్నాడు. ఆయన నోట అంతకు మించిన మెప్పు నేను ఎప్పుడూ వినలేదు.

తరువాతి నాలుగైదేళ్ళు మా స్టేషన్‌కు మంచి కాలం. తెలుగు అరగంటలో జోలపాటలు, పెళ్ళిపాటలు, కండెలు చుట్టేటప్పుడు పాడుకునే పాటలు రికార్డు చేసి వినిపించాం. వాటిని పాడే ముసలివాళ్ళకు తాము పాడింది పాట అని కూడా తెలియదు. తమిళ కార్యక్రమాలు కూడా మారాయి. వ్యాసాలు పోయి, ప్రశ్నలు వచ్చాయి. పశువుల డాక్టరు, బ్యాంకు ఆయన, పథ్యం వంటలు చెప్పే ఆమె, అందరూ స్టూడియోకు వచ్చి ఫోనులో జవాబులు చెప్పేవాళ్ళు. పెద్దమ్మ ప్రతి బుధవారం ఫోను చేసి నా తప్పులు చెప్పేది. తప్పులు లేని వారం ఫోను చేసేది కాదు. ఆ వారాల్లో నాకు ఏదో వెలితిగా ఉండేది.

తరువాత కరోనా వచ్చింది. బజారు మూసేశారు. నూలు రాలేదు, నేసినవి పోలేదు. మా వీధిలో మగ్గాల చప్పుడు ఆగిపోతే పగటిపూట కూడా కుక్క దగ్గినా వినిపించేది. రేడియోకు మాత్రం పని పెరిగింది. రోజుకు నాలుగు గంటలున్న ప్రసారం పది గంటలైంది. బడులు లేవు కాబట్టి అయివార్లు ఇళ్ళ నుంచే పిల్లలకు పాఠాలు రికార్డు చేసి పంపేవాళ్ళు. నేను కూడా ఇంట్లోనే రికార్డు చేసేదాన్ని. అమ్ముడుపోని కైలీల కట్టలు గది నిండా ఉండేవి. వాటి మధ్యలో కూర్చుంటే బయటి చప్పుడు రాదు, గొంతు స్టూడియోలో కన్నా బాగా వచ్చేది.

ఒకరోజు పెద్దమ్మ ఫోను చేసింది.

"పిలకాయలకి పాఠాలు చెప్తాండారే, పెద్దోళ్ళకి లేదా?"

"పెద్దోళ్ళకి ఏం పాఠం పెద్దమ్మా?"

"అచ్చరాలు. మీ వీధిలో మగ్గం నిలిచిపోయి అందరూ గోడలు చూస్తా కూర్చోనుండారు కదా. అంగడి లేక నాకూ పొద్దు పోలేదు. రోజూ పది నిమిషాలు ఇయ్యమను మీ మేడమ్‌ని."

"రేడియోలో అచ్చరం ఎట్ల చూపిస్తావు?"

"చూపించేదేల? చెప్తా. చేతికి సుద్దముక్క తీసుకోమను."

మేడమ్ రెండు రోజులు ఆలోచించింది. కంటికి కనపడని అక్షరాన్ని చెవితో నేర్పడం ఆమెకు నమ్మకం కుదరలేదు. చివరికి, పోయేదేముందిలే అని ఒప్పుకుంది. మొదటి పాఠం నాకు ఇప్పటికీ దాదాపుగా నోటికి వచ్చు.

"అందరూ సుద్దముక్క తీసుకున్నారా? పలక లేకుంటే గచ్చు మింద రాయండి. మొదట ఒక సున్న చుట్టండి, రాట్నం చక్రం మాదిరి. చుట్టినారా? ఇప్పుడు దాని నెత్తిన, లెక్క సరిగ్గా ఉంటే అయివారు వేస్తాడే, ఆ టిక్కు పెట్టండి. అది ర. రాట్నంలో ర. రెండోది ఇంకా సులువు. ర పక్కన వట్టి సున్న. నెత్తిన ఏమీ పెట్టద్దండి. మూడోది గ. గూడుబండి కప్పు చూసినారు కదా, అట్ల వంచండి. కింద మూయద్దు. నెత్తిన టిక్కు. ఇప్పుడు దాని కుడికాలు దగ్గర మొదలుపెట్టి ఆవుకొమ్ము మాదిరి పైకి వంచండి. అది గు. మూడూ కలిపి చదవండి."

తరువాత ఏమీ మాట్లాడలేదు. ఎంతసేపో. మేడమ్ ఆ రికార్డింగు విని, ఆ ఖాళీని కత్తిరించమంది. రేడియోలో నిశ్శబ్దం వస్తే జనం స్టేషన్ ఆగిపోయిందనుకుని మార్చేస్తారని ఆమె భయం. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "రాసేదానికి టయిం వద్దా?" అంది. ఖాళీని అట్లాగే ఉంచాం. దాని చివర పెద్దమ్మ గొంతు నిదానంగా వచ్చింది.

"రంగు. మీరు రాసింది రంగు. పుట్టినప్పటి నుంచి మీ చేతులకి అంటుకొని ఉండేది అదే."

మరునాడు నా ఫోనుకు ఫొటోలు వచ్చాయి. గచ్చు మీద రంగు, తలుపు వెనక రంగు, క్యాలెండరు వెనక రంగు. రంగు అద్దే పాకలో పనిచేసే ఒకాయన టిక్కును సున్న లోపల పెట్టాడు. కే.వి.కుప్పం సంతలో కూరగాయలు అమ్మే ఒకామె మూడు అక్షరాలనూ పక్కపక్కన కాకుండా ఒకదాని మీద ఒకటి పేర్చింది. ఆ ఫొటోలు నేను పెద్దమ్మకు ఫోనులో వర్ణించి చెప్పాలి, ఆమె దగ్గర ఉన్నది పాత బటన్ల ఫోను. తప్పు విన్న ప్రతిసారీ ఆమె, "అది వాళ్ళ తప్పు కాదు, నేను చెప్పేది సరిగ్గా లేదు" అని మరునాడు ఇంకొక రకంగా చెప్పేది. క అక్షరానికి రెండు రోజులు పట్టింది. ఝ దగ్గరికి వచ్చేసరికి, "ఇది మనకేమీ పనికిరాదు, దాటుకుందాం" అని దాటేసింది.

మా మామ నేర్చుకోనన్నాడు. "ఈ వయసులో నాకేల?" అని అటు తిరిగి పడుకునేవాడు. కానీ ఒకరోజు మగ్గం గుంత ఊడుస్తుంటే, లోపలి గోడకు బొగ్గుతో గీసిన అక్షరాలు కనపడ్డాయి. వరసగా ఉన్నాయి, ఒక్కటీ వదిలిపెట్టలేదు. నేను చూసినట్టు చెప్పలేదు. వారం తరువాత అన్నం తింటూ ఆయనే అన్నాడు.

"ళ ఎట్లుంటాదో మళ్ళీ చెప్పమను మీ పెద్దమ్మని. నిన్న సరిగ్గా చెప్పలేదు."

అక్షరాలయ్యాయి, గుణింతాలు అయ్యాయి, వత్తుల దగ్గరికి వచ్చాం. అక్కడ ఆగిపోయింది. బజారు తెరిచారు కానీ పెద్దమ్మ అంగడి తెరవలేదు. మోకాళ్ళు బాగా లేవు, ఒక్కతే ఉండడం కష్టమైంది. జోలార్‌పేటలో కూతురు, అల్లుడు ఉన్నారు. అల్లుడిది రైల్వేలో పని. అక్కడికి పోయింది. జోలార్‌పేటకు మా టవరు అందదు. ఒకటి రెండు వారాలు ఫోనులో పాఠం చెప్పి చూసింది. కానీ తాను చెప్పింది తానే వినలేకపోతే ఎట్లా సరిచేసుకోవాలో తెలియడం లేదంది. పాఠాలు ఆపేశాం.

మరుసటి ఏడు మేడమ్ కూడా స్టేషన్ వదిలిపెట్టింది. ఆమె స్థానంలో వేలూరు నుంచి ఒక కుర్రాయన వచ్చాడు. పెద్ద ఊళ్ళో ప్రైవేటు స్టేషన్‌లో పనిచేసి వచ్చిన మనిషి. నెమ్మదస్తుడు, ఎవరినీ కసరడు. కానీ ఫోన్లు ఎన్ని వచ్చాయో చూస్తాడు. పుట్టినరోజు శుభాకాంక్షలు, కోరిన పాటలు, పరీక్షలకు ఎట్లా చదవాలి, ఆసుపత్రిలో ఏ రోజు ఏ డాక్టరు ఉంటాడు, ఇట్లాంటివి పెరిగాయి. వినేవాళ్ళు నిజంగానే పెరిగారు, అది కాదనలేను. ఒకరోజు నన్ను కూర్చోబెట్టి, వచ్చే నెల నుంచి బుధవారం తెలుగు అరగంట ఉండదని చెప్పాడు.

"ఆ అరగంటకు ఫోన్లు రావడం లేదు. మీ పని పోదు. మీకు వేరే కార్యక్రమాలు ఇస్తాను" అన్నాడు తమిళంలో.

సరేనన్నాను. బస్సులో కిటికీ పక్క కూర్చుంటే గుడియాత్తం వచ్చేవరకు ఏం చూశానో నాకు తెలియదు. ఎందుకు ఫోన్లు రావడం లేదో నాకు తెలుసు. మా వాళ్ళు విని, తృప్తిగా తలాడించి, పనిలో పడతారు. ఫోను చేసి బాగుందని చెప్పడం మా వీధిలో ఎవరికీ అలవాటు లేదు.

సంగతి తెలిసి రంగు పాక ఆయన మా ఇంటికి వచ్చాడు. టిక్కును సున్న లోపల పెట్టినాయనే. కోపం లేదు, గొడవ చేద్దామని లేదు.

"నిలిపేదానికి ముందు ఒక తూరి ఆయమ్మని చూసి వద్దామమ్మా. అచ్చరాలు నేర్పింది, ఆమె మొగం మేము చూసిందే లేదు."

అప్పుడు నాకు తట్టింది. ఆయన రంగు కొన్నది ఇంకో అంగడిలో. సంతలో కూరగాయలామె గుడియాత్తం బజారుకు రాదు. నేర్చుకున్నవాళ్ళలో చాలామందికి ఆమె వట్టి గొంతు.

ఒక ఆదివారం పొద్దున ఏడుగురం గుడియాత్తం రైల్వే స్టేషన్లో ప్యాసింజరు ఎక్కాం. మామ ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. కొత్త ఇన్‌చార్జి కూడా రికార్డర్ తీసుకుని వచ్చాడు. నేను రమ్మనలేదు. సెలవు రోజు, ఊరికే వస్తానన్నాడు. ఆంబూరు, వాణియంబాడి దాటి జోలార్‌పేటలో దిగి, రైల్వే క్వార్టర్స్ వెతుక్కుంటూ నడిచాం.

పెద్దమ్మ నవారు మంచం మీద కూర్చుని ఉంది. ముందుకన్నా చిక్కిపోయింది. కూరగాయలామె నా చెవిలో, "ఇంత చిన్న మనిషా?" అంది. అంతలో పెద్దమ్మ, "అందరూ కూకోండి, అట్ల నిలబడితే పాఠం జరగదు" అనేసరికి, గొంతు అదే కావడం వల్ల అందరూ గబగబా చాప మీద కూర్చున్నారు.

ముందు రోజే ఫోనులో నా దగ్గర అందరి పేర్లూ అడిగి తెలుసుకుంది. ఎందుకో చెప్పలేదు. ఇప్పుడు దిండు కింద నుంచి కాగితాలు తీసి ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి ఇచ్చింది. కాగితం మీద పెద్ద అక్షరాలతో ఒకే వరస. చదవమంది. రంగు పాక ఆయన వేలు పెట్టుకుని, ఒక్కో అక్షరం దగ్గర ఆగుతూ, పెదాలు కదుపుతూ పోయాడు. చివరికి చేరాక తల ఎత్తాడు.

"ఇది నా పేరు."

"ఇంకెవురిది?" అంది పెద్దమ్మ.

యాభై ఏళ్ళు దాటిన మనిషి, తన పేరును తన భాషలో రాసి ఉండగా ఎప్పుడూ చూడలేదు. రేషన్ కార్డు మీద, ఓటరు కార్డు మీద, ఆధార్ మీద చూసింది తమిళంలో, ఇంగ్లీషులో. ఆయన కాగితం మడవబోయి, మడత పడుతుందని మళ్ళీ తెరిచి పట్టుకున్నాడు. కూరగాయలామె తన పేరు రెండుసార్లు చదివింది, రెండోసారి గట్టిగా.

మామ తన పేరు ఆగకుండా చదివేశాడు. తరువాత కాగితం వెనక్కి తిప్పి అన్నాడు.

"ఇంకొక పేరు ఉండాదమ్మా."

"చెప్పు నాయనా, రాసిస్తా."

"నువ్వు రాయద్దు. ఎట్ల రాయల్లో చెప్పు. నేనే రాస్తా."

అది మా అత్త పేరు. ఆమె పోయి తొమ్మిదేళ్ళయింది. మా వైపు చాలామంది ఆడవాళ్ళ పేర్ల మాదిరే అదీ అమ్మ అని ముగుస్తుంది. పాఠాలు వత్తుల దగ్గర ఆగిపోయాయి కాబట్టి చివర ఉన్న మ వత్తు ఎట్లా పెట్టాలో మామకు తెలియదు. పెద్దమ్మ లేచి ఆయన దగ్గరికి రాలేదు, కాగితం తీసుకోలేదు. రేడియోలో చెప్పినట్టే, గోడ వైపు చూస్తూ, మాటలతో చెప్పింది. మ రాయమంది. దాని కిందనే, చంటిబిడ్డను కాళ్ళ దగ్గర పడుకోబెట్టినట్టు, చిన్నదిగా ఇంకొక గుర్తు పెట్టాలని, దాని వంపు ఎట్లా పోతుందో చెప్పి ఆగిపోయింది. మామ రాశాడు. బయట గూడ్సు బండి పోతే కిటికీ రెక్క అదిరింది. మామ రాయడం ముగించి కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసుకున్నాడు. ఏడవలేదు. పక్కనున్న నాకు చూపించి, "సరిగ్గా ఉండాదా?" అని అడిగాడు.

"సరిగ్గా ఉండాది మామా."

పెద్దమ్మ కూతురు అందరికీ ఉప్మా పెట్టింది. తిని, మధ్యాహ్నం బండికి తిరిగి వచ్చాం.

ఆ రోజు రికార్డు అయినదంతా కొత్త ఇన్‌చార్జి తానే కూర్చుని కుదించాడు. తెలుగు ఆయనకు రాదు. ఎక్కడ ఏముందో నన్ను అడిగి గుర్తులు పెట్టుకున్నాడు. మామ రాస్తున్నంతసేపూ ఉన్న నిశ్శబ్దం దగ్గరికి వచ్చాక, "ఇక్కడ ఏం జరుగుతోందో నాకు తెలుసు" అని దాన్ని ముట్టుకోలేదు. చివరి బుధవారం అరగంటగా అది ప్రసారమైంది.

అరగంట నిలబడిందని చెప్పాలని ఉంది కానీ నిలబడలేదు. ఆయన అనుకున్నట్టే తరువాతి నెల నుంచి ఆ వేళకు కోరిన పాటలు వచ్చాయి. అయితే ఒక మార్పు చేశాడు. నేతవాళ్ళ కార్యక్రమంలోగానీ, సంత కార్యక్రమంలోగానీ, ఎవరు ఏ భాషలో మాట్లాడితే దాన్ని అట్లాగే వినిపించమన్నాడు. సగం మాట తమిళం, సగం మాట తెలుగు అయినా సరే, కత్తిరించవద్దన్నాడు.

"ఒక అరగంటలో పెట్టి తాళం వేయడం ఎందుకు? మీరు బస్సులో అట్లా విడివిడిగా మాట్లాడరు కదా" అన్నాడు.

అది మేలో, కీడో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. కొన్ని రోజులు, మా అరగంట మాకు ఉండి ఉంటే బాగుండేదని అనిపిస్తుంది. అరగంటకు గోడలుంటాయి, ఇది మాది అని చూపించుకోవచ్చు. ఇంకొన్ని రోజులు, వారమంతా ఎక్కడో ఒకచోట మా మాట వినిపించడమే నయమనిపిస్తుంది. మా స్టేషన్ ఇప్పుడు ఫోనులో కూడా వస్తుంది. పెద్దమ్మకు మనవరాలు పెట్టి ఇస్తుందట. వత్తుల పాఠాలు ఇంకా మిగిలి ఉన్నాయని నెలకొకసారి నాకు గుర్తుచేస్తుంది. పోయిన వేసవిలో కొన్ని చెప్పింది కూడా. జోలార్‌పేట నుంచి మనవరాలి ఫోనులో రికార్డు చేసి పంపితే, సంత కార్యక్రమం చివర ఐదు నిమిషాలు వేశాం.

పోయిన గురువారం మరమగ్గాల మీద కార్యక్రమం కోసం మా పక్క వీధికి పోయాను. చేతిమగ్గం మాని మరమగ్గానికి మారిన ఒకాయనను మాట్లాడమన్నాను. మైకు చూసి వెనక్కి తగ్గాడు.

"మాది మంచి తెలుగు కాదు కదమ్మా. అరవంలో చెప్పేదా?"

"ఇంట్లో ఎట్ల మాట్లాడతారో అట్ల మాట్లాడండి."

తమిళంలో మొదలుపెట్టాడు. మోటారు శబ్దం గురించి, రోజుకు ఎన్ని గజాలు అవుతాయో రెండు మూడు మాటలు చెప్పాడు. అంతలో మగ్గం మీద పోగు తెగింది. లోపలున్న భార్యను తెలుగులో కేకేసి, మగ్గం ఆపి, తెగిన పోగును వేళ్ళతో వెతుకుతూ, ముడి వేస్తూ, చేతిమగ్గం మీద అయితే పోగు తెగేది ముందే కాలికి తెలిసేదని, దీనిమీద కంటికి కనపడేదాకా తెలియదని తెలుగులో చెప్పుకుంటూ పోయాడు. మైకు ఉన్న సంగతి మరిచిపోయాడు. నేను దాన్ని కొంచెం దగ్గరికి జరిపాను.